వారం ఖర్చు, నెల సామాను: ఇంటి సరుకుల బడ్జెట్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో ధరల మాట వచ్చినా చివరికి నా పద్దు పుస్తకం దగ్గరికే వస్తారు. ఆరేళ్లుగా రాస్తున్నాను కాబట్టి. అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పే ఓపిక తగ్గి, అన్నీ ఇలా ఒకచోట పెట్టాను. మాది హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ వైపు. ఇంట్లో మేమిద్దరం, కాలేజీకెళ్లే అమ్మాయి, మా అత్తయ్యగారు. ఇక్కడి అంకెలు మా ఇంటివి. మీ ఊరికి, మీ ఆకలికి తగ్గట్టు మార్చుకోండి.

## మొదలుపెట్టే ముందు

ఒకటో తారీఖున నెల సామాను తెచ్చేస్తాం. మళ్లీ వారం బడ్జెట్ ఎందుకు?

నెల సామాను పద్ధతిని ముట్టుకోవద్దు. జీతం నెలకోసారి వచ్చే ఇంట్లో బియ్యం, పప్పులు, నూనె, ఉప్పు, సబ్బులు నెలకోసారి తేవడమే సుఖం. వాటి ఖర్చు అదుపు తప్పేది కూడా తక్కువే. నెలకు బస్తా బియ్యం తినే ఇల్లు రెండు బస్తాలు తినదు కదా. డబ్బు కారిపోయేది మిగతావాటిలో: కూరగాయలు, పాలు, పళ్లు, గుడ్లు, చికెన్, బ్రెడ్డు, "పెరుగైపోయింది, వచ్చేటప్పుడు తెస్తారా" అని సాయంత్రం ఫోన్లో చెప్పేవి. పుస్తకం మొదలుపెట్టిన నెలలో 31 రోజుల్లో 38 సార్లు ఏదో ఒక కొట్టుకు వెళ్లాం. వెళ్లింది పాతిక రూపాయల పని మీద, తిరిగొచ్చేసరికి నూట యాభై ఖర్చు. వారం బడ్జెట్‌తో పట్టుకోవాల్సింది ఈ 38 సార్లను, బియ్యం బస్తాను కాదు.

నలుగురున్న ఇంటికి వారానికి ఎంత పెట్టుకోవాలి?

మా లెక్క చెబుతాను. కూరగాయలు, ఆకుకూరలు 600. పళ్లు 350. ఆదివారం చికెనో చేపో 300. గుడ్లు 110. పాలు రోజుకు లీటరున్నర, వారానికి 700 లోపు. చిల్లర 240. మొత్తం 2,300 రూపాయలు. నెల సామానుకు విడిగా 6,500.

చిల్లర పద్దు అనవసరం అనిపిస్తుంది. అది లేకపోతే కరివేపాకు, నిమ్మకాయలు, పూజకు పూలు అన్నీ కూరగాయల డబ్బులోకి చొరబడతాయి. మీ అంకె తేలాలంటే మొదటి రెండు వారాలు ఏదీ తగ్గించకుండా, ఎప్పటిలాగే కొంటూ రాయండి. ఆ రెండింటి సగటు మీ బడ్జెట్. ముందే 1,500 అని గీత గీసుకుని కూర్చున్నవాళ్లు మూడో వారానికల్లా పుస్తకం మూసేయడం చూశాను.

జీతంలో తిండికి ఇంత శాతం అని ఏమైనా లెక్క ఉందా?

ఇంత ఉండాలి అన్న నియమం లేదు. జనం ఎంత పెడుతున్నారో మాత్రం తెలుసు. కేంద్ర ప్రభుత్వం చేసిన 2023–24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ఇంటి ఖర్చులో తిండి వాటా పట్టణాల్లో 39.68 శాతం, పల్లెల్లో 47.04 శాతం. ఇది ఖర్చులో వాటా, జీతంలో కాదు. బయట తినేది, టీ, బిస్కెట్లు కూడా ఇందులోనే ఉన్నాయి. సంపాదన తక్కువున్న ఇంట్లో ఈ శాతం ఎక్కువే ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. శాతాలు పక్కన పెట్టి రూపాయలు చూసుకోండి.

నెల డబ్బును నాలుగు వారాలకు పంచుతాను. ఆఖరి రోజుల్లో ఎప్పుడూ తక్కువ పడుతుంది. ఎక్కడ పోతోంది?

ఎక్కడికీ పోలేదు, భాగహారంలోనే పొరపాటు. నెలంటే నాలుగు వారాలు కాదు, నాలుగు వారాల మీద రెండు మూడు రోజులు. ఏడాదికి 52 వారాలు, అంటే నెలకు సగటున 4.33. వారానికి 2,300 అయితే నెలకు 9,200 చాలదు, దాదాపు 10,000 కావాలి. ఏడాదిలో కనీసం నాలుగు నెలల్లో అయిదు ఆదివారాలు వస్తాయి. మాంసాహారుల ఇళ్లలో ఆ నెలలు ఇంకాస్త బరువు.

రోజూ రాయడం నా వల్ల కాదు. రాయకుండా కుదరదా?

కుదురుతుంది. మా అమ్మ ఎప్పుడూ ఏదీ రాయలేదు. పోపుల డబ్బా వెనక ఒక చిన్న స్టీలు డబ్బా ఉండేది. నాన్న సోమవారం అందులో డబ్బు వేసేవారు. డబ్బా అడుగు కనిపిస్తే ఆ వారం ఇక పచ్చడి మెతుకులే. లెక్కంతా ఆ డబ్బాదే.

ఇప్పుడు నోట్లు వాడేవాళ్లు తక్కువ. ఫోన్లో స్కాన్ చేస్తే ఎంత పోయిందో చేతికి తెలియదు. దానికి నేను యూపీఐ లైట్ వాడుతున్నాను. అందులో 5,000 రూపాయల దాకా ఉంచుకోవచ్చు, ఒకసారికి 1,000 దాకా పిన్ లేకుండా కట్టొచ్చు. పాలకు విడిగా కడతాను కాబట్టి ఆదివారం పొద్దున మిగతా 1,600 అందులో వేసి, సరుకులన్నీ అందులోంచే కొంటాను. గురువారానికి 200 కనిపిస్తే పుస్తకం తెరవకుండానే సంగతి అర్థమవుతుంది. మీ ఆయన ఫోన్లోంచి కొన్నవి ఇందులోకి రావు. అక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. ఇంటి సరుకులకు ఒకటే ఫోన్ అని ముందే అనుకోండి.

## చిట్టీ రాసేటప్పుడు

చిట్టీ రాసుకుని వెళ్తాం, తెచ్చేవి మాత్రం వేరే. ఏం చేయాలి?

చాలామంది చిట్టీ సోఫాలో కూర్చుని రాస్తారు. వంటింట్లో నిలబడి, డబ్బాల మూతలు తీసి చూసి రాయాలి. మొన్న శనివారం సాయంత్రం మా ఫ్రిజ్‌లో ఉన్నవి: సగం సొరకాయ, నాలుగు వంకాయలు, వాడిన మునక్కాడ ఒకటి, పచ్చిమిర్చి గుప్పెడు, ఒక డబ్బాలో ఇగురు, ఇంకో డబ్బాలో ఏమిటో నాకే గుర్తులేని పచ్చడి. అంటే ఆదివారం రాత్రికి సొరకాయ పులుసు, సోమవారానికి వంకాయ కూర ఇంట్లోనే ఉన్నట్టు. చిట్టీలో రెండు కూరలు తగ్గాయి.

రెండో సంగతి, "బెండకాయలు" అని రాసి వదలకుండా "బెండకాయలు అర కిలో" అని రాయండి. పరిమాణం లేని చిట్టీతో బండి ముందు నిలబడితే "కిలో నలభై, రెండు కిలోలు డెబ్బయ్" అనగానే చెయ్యి దానంతటదే సంచి చాపుతుంది.

బియ్యం చిన్న ప్యాకెట్లు నయమా, బస్తా నయమా?

బస్తా. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి వంటివాటికి 25 కిలోల దాకా 5 శాతం జీఎస్‌టీ ఉంది. అది దాటితే లేదు. అందుకే మిల్లుల వాళ్లు 26 కిలోల సంచి తెచ్చారు. కొట్లో ఆ వింత అంకె ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇదే. పది కిలోల ప్యాకెట్‌లో ఆ పన్నుకు తోడు ప్యాకింగ్ ఖర్చు కూడా కలిసి ఉంటుంది.

పాత బియ్యం ధర ఎక్కువని కొత్తవి తీసుకుంటే ఆదా అనుకోవద్దు. పాతవి బాగా ఒదుగుతాయి. అదే గ్లాసుకు అన్నం ఎక్కువవుతుంది, పొడిపొడిగా వస్తుంది. కొత్తవి నీళ్లు కాస్త ఎక్కువైతే ముద్ద. అలాగని మూడు బస్తాలు ఒకేసారి కొనొద్దు. వేపాకు వేసినా, ఎండుమిర్చి వేసినా వానాకాలంలో పురుగు దారి పురుగుది. నెలకు సరిపడా ఒకటి, పైన ఒక పది రోజులకు ఉంటే చాలు.

రేషన్ బియ్యం తెచ్చుకుంటే బడ్జెట్‌లో ఎంత తేడా వస్తుంది?

కార్డుంటే చాలా. తెలంగాణలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి నెలకు 6 కిలోలు, ఉచితం. నలుగురికి 24 కిలోలు, దాదాపు ఒక బస్తా. నెల సామానులో పెద్ద పద్దు అదే కాబట్టి ఆ డబ్బు మొత్తం పప్పులకు, పాలకు మళ్లుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో మామూలు కార్డుకు మనిషికి 5 కిలోలు. 2025 జూన్ నుంచి ఇంటింటికీ తిరిగే రేషన్ బండ్లు ఆపేసి మళ్లీ రేషన్ షాపుల్లోనే ఇస్తున్నారు. దొడ్డుబియ్యం వచ్చేచోట అన్నానికి నచ్చకపోతే ఇడ్లీ, దోసెల పిండికి వాడండి. దోసెకు అవే బాగుంటాయి కూడా. బయట అమ్ముకోవడం మాత్రం నేరం.

చింతపండు, ఎండుమిర్చి, పసుపు ఏడాదికి సరిపడా ఒకేసారి కొనాలా?

చోటు, ఎండ, ఓపిక మూడూ ఉంటే కొనండి. కొత్త పంట ఈ మూడింటికీ ఇంచుమించు ఒకే కాలంలో వస్తుంది. గుంటూరు యార్డుకు మిర్చి, దుగ్గిరాల, నిజామాబాద్‌లకు పసుపు, ఊళ్లలో కొట్టిన చింతపండు, అన్నీ సంక్రాంతి దాటాక మొదలై ఎండలు ముదిరేలోపు. అప్పుడు సరుకు తాజాగా ఉంటుంది, ఎంచుకోవడానికి ఉంటుంది. తర్వాత వచ్చేది కోల్డ్ స్టోరేజీ సరుకు. కారం పట్టించుకుంటే రంగు కలిపారేమో అన్న అనుమానమూ ఉండదు.

చిక్కల్లా ఆ నెల ఒక్కసారిగా మూడు నాలుగు వేలు లేవడం. ఆ వెంటనే మామిడికాయలు, ఆవపిండి, నూనె, ఆవకాయ. ఈ ఖర్చును వారం డబ్బులోంచి తీస్తే ఏప్రిల్, మే నెలలు కుదేలవుతాయి. జూన్ నుంచే వారానికి వంద పక్కన వేస్తూ వెళ్తే వేసవికి చేతిలో ఉంటుంది. ఒంటరిగా అద్దె గదిలో ఉండేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, పావు కిలో ప్యాకెట్టే నయం.

## బజారులో

రైతు బజార్‌కు ఏ టైమ్‌లో వెళ్తే చవక?

ఎంచుకోవాలంటే పొద్దున్నే, ధర తగ్గాలంటే మూసే ముందు. రైతు బజార్లు 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. రైతు దళారీ లేకుండా నేరుగా అమ్ముకోవాలన్నది ఆలోచన. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు ధరలు రాస్తారు. ముందు దాన్ని ఫోటో తీసుకోండి, లోపల ఎవరైనా ఎక్కువ చెబితే చూపించవచ్చు. నేను సరూర్‌నగర్ బజార్‌కు ఆదివారం ఏడు గంటలకల్లా వెళ్తాను. చీకటి పడ్డాక వెళ్తే ఆకుకూరలు మూడు కట్టల ధరకు అయిదు ఇస్తారు. ఆ రాత్రికే వండేస్తే లాభం, ఫ్రిజ్‌లో పెడితే నష్టం.

ఆటో ఖర్చు లెక్కలో వేసుకోండి. రెండు కిలోల కూరగాయల కోసం రానూపోనూ 120 పెట్టి వెళ్లేవాళ్లను చూశాను. వాళ్లకు వీధిలో తోపుడు బండే చవక.

నూనె ప్యాకెట్లు అన్నీ ఒకేలా ఉన్నాయి, ధర మాత్రం తేడా. ఏది చవకో ఎలా తెలుసుకోవాలి?

ముందు వైపు ధర కాదు, వెనక వైపు బరువు చూడండి. లీటరు నూనె బరువు లీటరు నీళ్లంత ఉండదు, సుమారు 910 గ్రాములు ఉంటుంది. అందుకే నిఖార్సైన లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని కనిపిస్తుంది. పక్కనే అదే ఎత్తులో, అదే రంగులో ఇంకో ప్యాకెట్ ఉంటుంది, దాని మీద 850 గ్రాములో, 800 గ్రాములో. మోసమని అనలేం, అంకె ముద్రించే ఉంటుంది. మనం చదవం, అంతే.

ఉదాహరణకు 910 గ్రాములది 150 రూపాయలు, 850 గ్రాములది 144 అనుకుందాం. ఆరు రూపాయలు తక్కువని రెండోది తీసుకుంటాం. కిలో లెక్క వేస్తే మొదటిది సుమారు 165, రెండోది 169. చవకది అనుకున్నదే ప్రియం. ఈ భాగహారం కొట్లో చేయడం కష్టమైతే ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కన చిన్న అక్షరాల్లో గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంతో రాసి ఉంటుంది. తూనికలు కొలతల నిబంధనల ప్రకారం అలా వేయాలి. పప్పులు, టీ పొడి, డిటర్జెంట్, అన్నిటికీ ఇదే చూపు. ఎమ్మార్పీ మించి అడిగినా, తూకం తగ్గినా 1915కు ఫోన్ చేయొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లు నిజంగా ఖరీదా? ధరలు దాదాపు కొట్లో ఉన్నంతే ఉన్నాయిగా.

వస్తువు ధరలో పెద్ద తేడా లేకపోవచ్చు. ఆర్డర్ ధరలో ఉంటుంది. కిందటేడు ఒక సాయంత్రం సాంబారు పొయ్యి మీద ఉంది, కొత్తిమీర లేదు. యాప్‌లో 15 రూపాయలకు కట్ట. డెలివరీకి ముప్ఫై అన్నాడు, ఇంత మొత్తం దాటితే డెలివరీ ఉచితం అని పైన పచ్చ గీత. అమ్మాయి చిప్స్ వేసింది, నేను ఒక పెరుగు డబ్బా వేశాను, ఇంకా చాలలేదని జీడిపప్పు. చివర్లో హ్యాండ్లింగ్ ఛార్జి. కొత్తిమీర 262 రూపాయలకు వచ్చింది. సాంబారు దానికి ముందే దించేశాం.

యాప్ తీసేయమనను. వానరోజు, జ్వరమొచ్చిన రోజు అదే దిక్కు. వారానికి ఒక్కసారి అని పెట్టుకోండి. కావాలనిపించినవి కార్ట్‌లో వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే సగం అక్కర్లేనివే.

ఒకటి కొంటే ఒకటి ఉచితం తీసుకోవచ్చా?

సబ్బులు, పేస్టు, డిటర్జెంట్ అయితే తీసుకోండి. తినేవైతే తేదీ చూడండి. గడువు దగ్గర పడ్డ సరుకును ఇలాగే వదిలించుకుంటారు. బిస్కెట్లు రెండు ప్యాకెట్లొస్తే పిల్లలు రెండూ అదే రోజు తింటారు. అందులో ఆదా ఏమీ లేదు.

జీఎస్‌టీ తగ్గిందన్నారు. నా బిల్లు ఎందుకు తగ్గలేదు?

మీరు ఇంట్లో వండుకునే మనిషి కాబట్టి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్లు, మిక్స్చర్, నూడుల్స్, నెయ్యి, వెన్న 5 శాతానికి దిగాయి, ప్యాకెట్ పనీర్‌కు పూర్తిగా ఎత్తేశారు. సబ్బు, షాంపూ, పేస్టు 18 నుంచి 5కు వచ్చాయి. కూరగాయలకు, విడి పప్పులకు, మామూలు పాల ప్యాకెట్లకు, గుడ్లకు అంతకుముందూ పన్ను లేదు. లేనిది తగ్గదు కదా. తేడా కనిపిస్తే నెల సామానులో సబ్బుల దగ్గర కనిపించాలి, అక్కడ పాత బిల్లుతో పోల్చి చూడండి.

ఆకుకూరల దగ్గర బేరమాడొచ్చా?

అందరూ అక్కడే ఆడతారు. నేను ఆడను. గంపలో ఇరవై కట్టలు పెట్టుకున్న మనిషి దగ్గర రెండు రూపాయలు తగ్గిస్తే వారానికి మిగిలేది పది. వారం వారం ఒకరి దగ్గరే కొనండి, ధర తగ్గకపోయినా కొసరు వస్తుంది. మా బజార్లో యాదమ్మక్క పాలకూర తీసుకుంటే అడక్కుండానే "తీస్కో బిడ్డా" అని కరివేపాకు రెమ్మలు, నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో పడేస్తుంది. చిల్లర పద్దులో వారానికి ఇరవై రూపాయలు అలా తగ్గాయి. బేరం ఆడాల్సింది కిరాణా కొట్లో, నెల చిట్టీ మొత్తం ఇచ్చేటప్పుడు. అయిదారు వేల బిల్లుకు కందిపప్పు మీద కిలోకు అయిదు తగ్గించమంటే తగ్గిస్తారు.

## ఇంటికి తెచ్చాక

కూరగాయల్లో పావు వంతు పారేస్తున్నాం. ఎలా ఆపాలి?

ఏది ముందు చస్తుందో దాన్ని ముందు వండాలి. ఆదివారం తెచ్చినవాటిలో ఆది, సోమ ఆకుకూరలవి: పాలకూర పప్పు, తోటకూర వేపుడు, గోంగూర. మంగళ, బుధ బెండ, బీర, చిక్కుడు. గురువారం నుంచి వంకాయ, క్యాబేజీ, దొండ. చివరికి దుంపలు, అరటికాయ, దోసకాయ, కోయని సొరకాయ, గుమ్మడి. చాలామంది ఇళ్లలో దీనికి తిరగేసి జరుగుతుంది. ఆదివారం బంగాళాదుంప వేపుడు బాగుంటుందని వండుతారు, గురువారానికి గోంగూర నల్లబడుతుంది.

సర్దడానికి ఆదివారం పొద్దున అరగంట చాలు. కొత్తిమీర వేళ్లు కోసి, తడి ఆరబెట్టి, పాత నూలు గుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టండి, వారం పైనే ఉంటుంది. కడిగి పెడితే మూడో రోజుకి కుళ్లు. పచ్చిమిర్చి తొడిమలు తీసి పెట్టాలి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకే బుట్టలో వద్దు. టమాటాలు దోరవి బయట, పండినవి ఫ్రిజ్‌లో.

తొక్కల సంగతి మర్చిపోవద్దు. బీరపొట్టు పచ్చడి, సొరతొక్కు పచ్చడి, కాలీఫ్లవర్ కాడల పప్పు. మా అత్తయ్యగారు బీరకాయ కొనేదే పొట్టు కోసమంటారు. ఒక కాయకు రెండు పూటలు గడుస్తాయి.

పాల ఖర్చే అన్నిటికన్నా ఎక్కువైపోతోంది. ఏ పాలు తీసుకోవాలి?

టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. లీటరుకు దాదాపు 30 గ్రాముల వెన్న తేడా. నెయ్యి కొనుక్కునే ఇల్లయితే, మీగడ తీసే ఓపిక ఉంటే, ఫుల్ క్రీమ్‌కు పెట్టిన అదనపు డబ్బులో కొంత నెయ్యి రూపంలో వెనక్కి వస్తుంది. ఓపిక లేకపోతే ఆ మీగడ టీ వడపోతలో పోతుంది.

మేం లీటరు టోన్డ్, అర లీటరు ఫుల్ క్రీమ్ తీసుకుంటాం. కాఫీ టీలకు మొదటిది, తోడు పెట్టడానికి రెండోది. డబ్బా పెరుగు కొనడం మానేశాక పాల పద్దు కొంచెం పెరిగింది, మొత్తం మాత్రం తగ్గింది. చలికాలంలో తోడుకోకపోతే గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టండి.

రాత్రి అన్నం రోజూ మిగులుతోంది.

గ్లాసు మార్చండి. బియ్యం కొలిచే గ్లాసు పెళ్లైన కొత్తల్లోది, ఇంట్లో మనుషులు, ఆకళ్లు మారాయి. అయినా మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున నిమ్మకాయ పులిహోర చేయండి, పెరుగు కలిపి చద్దన్నమైనా తినండి. టిఫిన్ ఖర్చు మిగిలినట్టే.

## లెక్క తప్పినప్పుడు

టమాటా కిలో వంద దాటితే బడ్జెట్ ఎలా నిలబడుతుంది?

కిలోలను కాదు, రూపాయలను పట్టుకోండి. కూరగాయలకు 600 అంటే 600, అందులో ఎంతొస్తే అంత. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లోనే టమాటా కిలో 150 దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో 50కి అమ్మింది, ఆ వరుసలు గుర్తుండే ఉంటాయి. కొన్ని నెలలు తిరగ్గానే అదే టమాటాను గిట్టుబాటు కాక రోడ్డు పక్కన పారబోయడమూ మనం చూసిందే. రేటు పెరిగితే అందరూ వేస్తారు, పంటంతా ఒకేసారి వస్తుంది.

మనకు పులుపుకు కొదవా? చింతపండు, మామిడికాయ, చింతచిగురు, నిమ్మకాయ, దోసకాయ, గోంగూర. టమాటా వాడకం పెరగకముందు కూడా ఈ నేల మీద పప్పు వండారు. ఉల్లిపాయ పెరిగితే కాస్త కష్టమే. అప్పుడు పులుసులు తగ్గించి పప్పుకూరలు, వేపుళ్లు పెంచుతాను.

చుట్టాలొస్తే, పండగొస్తే?

ఆ డబ్బు వారం లెక్కలో ఉండకూడదు. వారానికి వంద విడిగా వేస్తే ఏడాదికి 5,200. సంక్రాంతి అరిసెలకు, దసరాకు, ఊరినుంచి వచ్చే వదినావాళ్లకు అందులోంచే. చెప్పకుండా వచ్చినవాళ్లకు ఒక పద్ధతి ఉంది: అర కిలో శనగపప్పు, రవ్వ, బెల్లం, అప్పడాలు ఎప్పుడూ ఇంట్లో. శ్రావణం, కార్తీకంలో మాంసం మానేసే ఇళ్లలో చికెన్ డబ్బు మిగులుతుందనుకుంటారు. మిగలదు. కొబ్బరికాయలు, అరటిపళ్లు, వత్తులు, పూలు దాన్ని తినేస్తాయి. సరికి సరి అనుకోండి.

పిల్లల చిరుతిళ్లు ఎలా తగ్గించాలి?

ముందు పెద్దవాళ్లవి లెక్కపెట్టండి. 2023–24 సర్వేలో పట్టణాల ఇంటి ఖర్చులో 11 శాతం పైగా పానీయాలు, తయారైన తిండి పదార్థాలకే వెళ్తోంది. కూరగాయలకన్నా అదే ఎక్కువ. మా ఇంట్లో ఆఫీసు దగ్గరి టీ, సమోసా రాయడం మొదలుపెట్టాక ఆయన ముఖం చూడాలి. పూర్తిగా మానేయమంటే ఎవరూ వినరు. అమ్మాయికి వారానికి 150 చేతికిచ్చి, అయిపోతే లేదన్నాను. నెలకోసారి జంతికలో, చెక్కలో చేస్తే పది రోజులు ఆగుతుంది. పది రోజులే.

అత్తగారు ఈ చిట్టీలు, లెక్కలు ఒప్పుకోవట్లేదు. ఎలా?

మా ఇంట్లోనూ అంతే. "పావు కిలో బెండకాయలేంటమ్మాయ్, ఇల్లా హాస్టలా" అన్నారు. నేను వాదించలేదు. "అత్తయ్యా, కూరగాయలు మీరే తీసుకురండి, ఈ 600 మీ చేతిలో పెడుతున్నా" అన్నాను. రెండో వారం 40 రూపాయలు వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టారు. లేత వంకాయ ఏరడంలో, ముదిరిన బెండను తుంచి పక్కన పడేయడంలో ఆవిడ ముందు నేనెంత.

కొట్లో ఖాతా పెట్టి కొంటున్నాం. ఆపేయాలా?

నెలాఖరున చేతిలో డబ్బు లేనప్పుడు ఆదుకునేది ఆ ఖాతానే, తెంచుకోవద్దు. పిల్లల్ని పంపి రాయించడం ఆపండి. కొట్టువాడి పుస్తకంలో పడ్డది అదే రోజు మీ పుస్తకంలోనూ పడాలి.

అమెరికాలో ఉంటున్నాం. ఈ పద్ధతి ఇక్కడ పనికొస్తుందా?

వారం, నెల అని విడగొట్టడం పనికొస్తుంది. అక్కడ బియ్యం, పప్పులు, పొడులు ఇండియన్ స్టోర్‌లో నెలకోసారి, పాలు, గుడ్లు, కూరలు మామూలు స్టోర్‌లో వారానికోసారి. 20 పౌండ్ల సంచి అంటే తొమ్మిది కిలోలు, ఇద్దరికి నెల దాటి వస్తుంది. కంగారుపడి నిల్వ చేయొద్దు. 2023 జులైలో మన దేశం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు సోనా మసూరి కోసం అక్కడ మనవాళ్లు వరుసలు కట్టారు. మా మరిది ఎక్కువ ధరకు ఎనిమిది సంచులు కొని గరాజ్‌లో పెట్టుకున్నాడు. 2024 సెప్టెంబర్‌లో నిషేధం ఎత్తేసేనాటికి చివరి సంచి ఇంకా ఉంది, అందులో పురుగులున్నాయి.

ఎన్నాళ్లు రాయాలి? ఎంత మిగులుతుంది?

మాకు మొదటి నెల ఏమీ మిగల్లేదు. రెండో నెల 300. ఆరో నెలకు 1,400 దగ్గర ఆగింది, ఆ తర్వాత పెరగలేదు. మూడు నెలలు వరసగా రాస్తే మీ ఇంటి అంకెలు నోటికి వచ్చేస్తాయి. అప్పటినుంచి రోజూ రాయక్కర్లేదు. నేనిప్పుడు ధరలు మారే కాలమని జులైలో రెండు వారాలు, పండగ నెలల ముందు రెండు వారాలు రాస్తాను. మిగతా రోజుల్లో పుస్తకం ఫ్రిజ్ మీదే ఉంటుంది, పాలవాడి కార్డు కింద.